అవ్వ పిడికెడు

కొట్టు తలుపుకి లక్క ముద్ర పడి ఆ సోమవారానికి ఇరవై రెండు రోజులు. ఆదెయ్య రోజూ లేవగానే మొహమైనా కడుక్కోకుండా పోయి ఆ ముద్రని ఒకసారి చూసి వస్తాడు. ఎర్రటి లక్క, దాని కింద సన్నటి దారం. ఎలుక కొరికినా తెగే దారం అది. మనిషి తెంపితే మాత్రం కేసు. లోపల డెబ్భై గోతాల విత్తనం ఉంది. బయట ఊరు ఊరంతా నారుమళ్ళు దున్ని, నీళ్ళు పెట్టి, ఆ తలుపు వంక చూస్తోంది.

సంగం ఆనకట్ట నీళ్ళు చిట్టచివర అందే ఊరు. అందిన ఏడు కాలవ పైనున్న ఊళ్ళన్నిటి బురదా వస్తుంది; అందని ఏడు సముద్రం తన ఉప్పు తాను పంపిస్తుంది. ఆ చౌడులో నిలబడి గిట్టుబాటుగా కంకి వేసే సన్న వరి ఒక్కటే, ఆదెయ్య సన్నాలు. తుఫాను ఏడు ఉప్పునీళ్ళకి చచ్చిన మడిలో ఒంటరిగా నిలబడ్డ ఒక్క దుబ్బు నుంచి తొమ్మిదేళ్ళు ఏరి ఏరి తీసిన విత్తనం. ఆ పేరు కూడా ఆదెయ్య పెట్టుకున్నది కాదు, నాటుకున్న రైతులు పెట్టింది. ఇప్పుడొక కంపెనీ అవే వడ్లని రంగుల సంచిలో పోసి, 'రాజముద్ర' అని పేరు పెట్టి, తమ రకాన్ని ఆదెయ్య దొంగచాటుగా అమ్ముతున్నాడని కాగితం పెట్టింది. లోకంలో దొంగే ముందు కేక వేస్తాడు. వాడు చదువుకున్న దొంగయితే ఆ కేకకి ఒక నంబరు కూడా పడుతుంది.

నెల్లూరులో ఆటో దిగి విత్తన పరీక్షల లాబు మెట్లెక్కేటప్పటికి ఆదెయ్య చొక్కా ముసురుకి తడిసి వీపుకి అంటుకుపోయింది. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. అక్కర్లేదని జవాను చెప్పినా విడిచాడు. విత్తనం ఉన్న గదిలోకి చెప్పులతో పోయే అలవాటు అతనికి లేదు.

లోపల ముగ్గురున్నారు. కొట్టుకి ముద్ర వేయించిన అధికారి హజరత్తయ్య, రెండు వైపుల వడ్లూ పరీక్ష చేసిన భానుప్రియ, కంపెనీ తరపున విజయభాస్కర్. విజయభాస్కర్ కాలు మీద కాలు వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"రావయ్యా ఆదెయ్యా. పొలం పని మానుకొని వచ్చినావే" అన్నాడు తల ఎత్తకుండా.

"మానుకోడానికి పనేడ ఉంచినారు సార్, ముద్ర ఏయించి" అన్నాడు ఆదెయ్య.

హజరత్తయ్య నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు. భానుప్రియ తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కుర్చీ తెచ్చి తనే వేసింది.

"ఆదెయ్యగారూ, మీ వడ్లు తొంభై ఆరు గింజలు మొలిపించినాం. ఒక్కో మొలక ఆకు విడివిడిగా నూరి డీఎన్‌ఏ తీసినాం. కంపెనీ సంచి మీ ఇద్దరి ఎదురుగానే కోసినాం గదా, వాటినీ మొలిపించి ఆకులన్నీ కలిపి ఒకటిగా నూరినాం. రెండిటినీ డీఎన్‌ఏలో మార్కర్లనే పన్నెండు గుర్తుల దగ్గర పోల్చినాం. కంటికి ఒకే మాదిరి కనపడే రకాలు కూడా ఈ పన్నెండు చోట్లలో ఎక్కడో ఒకచోట బయటపడతాయి."

"బయటపడినాయా?" అడిగాడు హజరత్తయ్య.

"లేదు సార్. పన్నెండు చోట్లా ఒకటే. రెండూ ఒకే రకం."

విజయభాస్కర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను మొదట్నించీ చెప్పేది అదే గదా సార్. మా రిజిస్ట్రేషను రెండేళ్ళ ముందుది. రకం తన పేరున రాయమని ఈయన పెట్టిన దరఖాస్తు మొన్నటిది. ఒకే రకం అయినప్పుడు ముందు ఎవరిదో కాగితమే చెప్తుంది."

"ఒకటే అని నేనూ చెప్తానే ఉండా" అన్నాడు ఆదెయ్య. "నాది గాబట్టే ఒకటి."

"అట్ట నోటిమాటలు చెల్లవు ఆదెయ్యా. హైదరాబాదు దగ్గర మా పరిశోధన క్షేత్రంలో ఏడేళ్ళు కష్టపడి తీసిన రకం. రికార్డులు ఉన్నాయి."

భానుప్రియ మధ్యలో అందుకుంది. "రెండూ ఒకటా కాదా అనేదే మార్కరు చెప్తుంది సార్. ఎవరింట్లో పుట్టిందో చెప్పదు." ఆపి, ఆదెయ్య వైపు చూడకుండా కాగితం తిప్పింది. "ఇంకొకటి ఉంది. మీ శాంపిలు శుద్ధంగా లేదండీ. తొంభై ఆరులో నాలుగు మొలకలు వేరే రకానివి. కంపెనీ మాట పక్కన పెట్టినా, ఇట్టుంటే మీ దరఖాస్తు నిలబడదు."

మొదటి మాటకి చెక్కు చెదరని ఆదెయ్య ఈ మాటకి కుర్చీలోంచి లేచాడు.

మండలంలో ఏ విత్తనపు చేనులో కేళీలు ఏరాలన్నా ముందు కబురు వచ్చేది అతనికే. కేళీ అంటే చేలో కలిసిపోయి నిలబడ్డ పరాయి మొక్క. ఆదెయ్య ఎండని వీపుకి పెట్టుకుని వరసల మధ్య అడ్డంగా నడుస్తాడు. పరుగెత్తడు, ఆగడు. బెత్తెడు ఎత్తు తేడా, ఒక్కరోజు పూత తేడా, ఆకు వంగిన తీరులో తేడా. చెయ్యి వాలిందంటే కేళీ వేళ్ళతో సహా పైకి రావలసిందే. ఆరో తరగతిలో బడి మానేసిన వాడికి ఈ భూమ్మీద వచ్చిన చదువు అదొక్కటే. అందులోనూ ఇప్పుడు సున్నా వేశారు.

"నా వడ్లలో కేళీనా?"

"రాసుకోండి సార్" అన్నాడు విజయభాస్కర్. "రకం తీసినానంటాడు, కేళీలు ఏరడం కూడా రాలా."

ఆదెయ్య అతని వంక చూడలేదు. "ఒకసారి చూపించు తల్లీ" అన్నాడు భానుప్రియతో.

ఆమె కంప్యూటరు మీద ఫోటో తెరిచింది. నల్లటి పలక. దాని మీద నిలువు వరసలు, వరసల్లో తెల్లటి పొట్టి గీతలు. "ఒక్కో నిలువు వరస ఒక్కో మొలక. గీత ఎంత దూరం పోయి ఆగిందనేది చూస్తాం" అంది. ఆదెయ్య చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. ఇంకొకరి చేను గట్టు మీద నిలబడి చూసేటప్పుడు అతను అట్లాగే నిలబడతాడు. కొంచెంసేపు ఏమీ తెలియలేదు. తరవాత కళ్ళు వరసకి అలవాటు పడ్డాయి. నాట్లు వేసిన మడి లాగానే ఉంది. తెల్లగీతలన్నీ ఒకే ఎత్తున ఆగినాయి. ఒకచోట ఎత్తు తప్పింది.

"ఇదొకటి." వేలు తెరకి తగలకుండా చూపించాడు. "ఇదిగో ఇది. ఇది. ఆ చివరిదొకటి."

భానుప్రియ తన కాగితంలో నంబర్లు సరిచూసుకుని అతని మొహం వంక చూసింది. "నాలుగూ కరెక్టే."

"నాలుగూ ఒక తల్లి బిడ్డలే గదమ్మా?"

ఆమె మిగిలిన ఫోటోలు ఒక్కోటి తెరిచింది. పన్నెండూ అయ్యేదాకా వరసలు సరిచూసింది. "అవును" అంది చివరికి. "తలా ఒక రకం చెత్త కాదు సార్. నాలుగూ ఒకే ఒక వేరే రకం. మా దగ్గర మూడు వందల రకాల పట్టిక ఉంది, అందులో దేనితోనూ కలవడం లేదు."

"మరి వాళ్ళవి ఎందుకు కలిపి నూరినారు?"

"శుద్ధత చూసేది కొత్తగా దరఖాస్తు చేసిన వాళ్ళకేనండీ. రిజిస్టరైన రకానికి..."

"అంటే చెమట కార్చినోడి వడ్లు గింజ గింజా లెక్క చెప్పాల. సంచిలో పడిన వడ్లు మాత్రం గుంపుగా పోయి గుంపుగా మంచియి అనిపించుకుంటాయి. బాగుంది తల్లీ."

విజయభాస్కర్ గడియారం చూసుకున్నాడు. "ఊరికే టైం వేస్టు సార్ ఇదంతా."

హజరత్తయ్యకి రిటైరు కావడానికి నాలుగు నెలలుంది. ముప్పై ఏళ్ళుగా సార్ అనిపించుకున్న మనిషికి ఎవరి సార్‌లో ఎంత ఉప్పుందో తెలుస్తుంది. "కంపెనీ మొలకలు ఉన్నాయా, పారేసినారా?" అని అడిగాడు.

"ట్రేలోనే ఉన్నాయి సార్."

"వాటినీ విడివిడిగా నూరు. ఇద్దరికీ ఒకే కొలత. శుక్రవారం రాండి అందరూ."

ఆదెయ్య ఇల్లు చేరేటప్పటికి భార్య ఫేబీ పెరట్లో పీట వేసుకుని బూడిద అద్ది చేపలు తోముతోంది. పలకరించకుండా లోపలికి పోయి విత్తనపు బాన మూత తీశాడు. రెండు దోసిళ్ళు చేటలో పోసుకుని పెరటి గుమ్మంలో కూర్చుని, వేలితో గింజ తరవాత గింజ జరపడం మొదలుపెట్టాడు. అన్నీ ఒక రంగు, ఒక పొడుగు.

"ఏంది వెతకతా ఉండావు?" అంది ఫేబీ.

"కేళీ."

"చేలో ఏరేది చాలక చేటలో కూడానా? ఏమన్నారు ఆడ?"

చెప్పాడు. ఆమె చేప తోముతున్న చెయ్యి ఆగింది. "వాళ్ళకి పంపింది యాడివి? గోతాల్లోవా, బానలోవా?"

"బానలోవే. బానలోవి మంచియని."

"ఇంకేం మరి. అవ్వ పిడికెడు పడింది గదయ్యా బానలో."

ఆదెయ్య వేలు గింజ మీదనే నిలిచిపోయింది.

ఊళ్ళో ప్రార్థన మందిరం కట్టించింది రెబెక్కమ్మ అవ్వ పెనిమిటి. ఆయన చనిపోయిన ఏటి నుంచి కోత పండుగ నాడు అవ్వ తన అరెకరం చౌడులో పండిన పాత వడ్లు చాప మీద పోసుకుని వేదిక ముందు కూర్చుంటుంది. ప్రార్థన అయినాక కొత్తగా నింపిన విత్తనపు బానలు వరసగా తెచ్చి దించుతారు. ప్రతి బానలోనూ అవ్వ ఒక పిడికెడు పోస్తుంది. హిందువుల ఇళ్ళ నుంచి కూడా బానలు వస్తాయి. ఆ పాత వడ్లు అవ్వ తప్ప ఇంకెవరూ వెయ్యరు, దిగుబడి లేదు. చేలో ఆ దుబ్బులు మూరెడు ఎత్తుగా, పది రోజులు ఆలస్యంగా పూతకొస్తాయి. ఆదెయ్య ఏటా వాటిని పీకి గట్టు మీద వేస్తాడు, ఫేబీ బర్రెకి వేస్తుంది. దరఖాస్తులో 'ఇతర విత్తనం ఏమైనా కలిసినదా' అని అడిగిన చోట లేదు అని రాయించాడు. అబద్ధం చెప్పాలని కాదు. కలపడం వేరు, అవ్వ పొయ్యడం వేరు. ఇన్నేళ్ళలో ఆ రెండూ ఒకటేనన్న తలపే అతనికి రాలేదు.

"నిన్నెవరు తెమ్మన్నారు బాన అవ్వ ముందరికి?" అన్నాడు గొంతు పెంచి.

"నేనా? బాన భుజాన ఎత్తుకొని అందరికన్నా ముందు నిలబడింది ఎవరు? జారిన గింజలు కూడా ఏరి లోపలేసినావు గదా!"

ఆదెయ్య చేటలో గింజల్ని అరచేత్తో చదును చేశాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"ఫేబీ, ఆ విజయభాస్కరు మొదటిసారి మనింటికి వచ్చింది మూడేళ్ళ కిందట. కోత పండక్కి ముందా, తరవాతా?"

"తరవాత. మర్నాడే, సోమారం. పండగ పలావు మిగిలితే వెచ్చబెట్టి పెట్టినా. రెండు మాట్లు అడిగి ఏయించుకొన్నాడు. వదినా వదినా అని నోరు పడిపోయేటట్టు పిలిచినాడు."

"అతనికి గోతం విత్తనం యాడి నుంచి కొలిచిచ్చినా?"

"పరీక్షకి చూసుకుంటామన్నాడని మంచియి ఇయ్యాలంటివే. బాన వంచి పోసిచ్చినావు..."

ఫేబీ చేప పళ్ళెంలో జారవిడిచి మొగుడి వంక చూసింది. ఇరవై రెండు రోజుల తరవాత ఆదెయ్య నవ్వాడు.

"వాళ్ళు గాని ఒళ్ళు వంచి కేళీలు ఏరి ఉంటే నేను చచ్చినట్టేమే. ఏరి ఉండరు. ఎండలో నడవాల గదా."

మర్నాడు పొద్దున్న అవ్వ మడి గట్టు మీద ఉంది. ఎనభై దాటిన మనిషి, పార కిందపెట్టి చేత్తోనే బురద తీసి గండి పూడుస్తోంది. ఆదెయ్య పక్కన గొంతుక్కూర్చుని తనూ రెండు ముద్దలు వేశాడు.

"అవ్వా, ఒక పిడికెడు వడ్లు కావాల. నెల్లూరు తీసకపోవాల."

"నా వడ్లా? కేసులోకి లాగినారంట్రా వాటిని కూడా?"

"సాక్షిగా."

"సాక్షి అంటే ప్రమాణం చెయ్యాల గదరా. వడ్లకి నోరేడ్ది?"

"నూరితే చెప్తాయంట అవ్వా."

"అవున్లే. మనమూ అంతే." అవ్వ బురద చేతులు కాలవలో జాడించుకుంది. లేవబోయి ఆగింది. "ఒరే, ఫేబీ ఏందో చెప్పింది. నా పిడికెడు నీకు కీడు చేసిందారా?"

ఆదెయ్య చేతిలో బురద ముద్దని గండికి అదిమి, పైన అరచేత్తో నున్నగా రాశాడు. "శుక్రారం తెలుస్తాది అవ్వా. నాకైతే మేలు చేస్తాదనే ఉండాది."

ఆ మధ్యాహ్నమే నెల్లూరు పోయి, పాత చీర ముక్కలో కట్టిన వడ్లు హజరత్తయ్య బల్ల మీద పెట్టాడు. ఎవరివో, ఎందుకో నోటితో చెప్పలేదు. కాగితం మీద రాయించి, మడిచి, కవరులో పెట్టి అంటించి ఇచ్చాడు. "ఈ మూటలోవి కూడా నూరమనండి సార్. కవరు శుక్రారం దాకా విప్పబాకండి" అన్నాడు. మూట లాబుకి పంపితే భానుప్రియ విప్పి చూసి, మొలిపించే టైం లేదనీ, పొట్టు తీసి గింజనే నూరతాననీ అంది.

శుక్రవారం ముసురు విడిచింది. విజయభాస్కర్ కుర్చీలో ఆ రోజు కాళ్ళు రెండూ నేల మీదే ఉన్నాయి. అంతకు ముందే ఎవరో చెవిన వేసి ఉంటారు.

"కంపెనీ మొలకలు తొంభై ఆరు విడివిడిగా చూసినాం సార్" అంది భానుప్రియ. "మూడు వేరే రకానివి."

"వడ్లలో కల్తీ మామూలే సార్" అన్నాడు విజయభాస్కర్ వెంటనే. "గోడౌనులో వంద రకాలుంటాయి. ఏదో కలిసుంటుంది."

"కల్తీ మామూలే సార్. ఈ కల్తీ మామూలుది కాదు." ఆమె మూడు ఫోటోలు తెర మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. "ఇవి ఆదెయ్యగారి శాంపిలులో బయటపడిన నాలుగు. ఇవి మీ సంచిలోవి మూడు. ఇవి ఆయన మూటలో తెచ్చిన వడ్లు. పన్నెండు చోట్లా ఒకటే. మూడు వందల రకాల పట్టికలో లేనిది ఈ మూడు చోట్లే ఉంది."

హజరత్తయ్య కవరు చింపి కాగితం చదివాడు. రెబెక్కమ్మ, అరెకరం, చౌడు. కింద పిడికెడు సంగతి మూడు వాక్యాల్లో ఉంది. రెండోసారి కూడా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"విజయభాస్కర్ గారూ, మీ పరిశోధన క్షేత్రం ఎక్కడన్నారు?"

"హైదరాబాదు దగ్గర సార్."

"ఈ అవ్వ అంతదూరం వచ్చి మీకూ ఒక పిడికెడు పోసిందా?"

"అవ్వ నెల్లూరే చూళ్ళేదు సార్" అన్నాడు ఆదెయ్య.

హజరత్తయ్య తన చేత్తోనే రాయడం మొదలుపెట్టాడు. కొట్టు ముద్ర రేపు పొద్దున్నే తీయించడానికి ఒక కాగితం. కంపెనీ రిజిస్ట్రేషను సంగతి తేల్చమని పై ఆఫీసుకి ఇంకొకటి. పై ఆఫీసుకి పోయిన కాగితం ఎంత తీరిగ్గా నడుస్తుందో ఆదెయ్యకి తెలుసు. నడవనీ. నారుకి మాత్రం అదును దాటలేదు.

భానుప్రియ గుమ్మం దాకా వచ్చింది. "మీ దరఖాస్తుకి కొత్త శాంపిలు ఇవ్వాలండీ. ఈసారి గోతంలోంచి తీయండి. అందులో ఎవరూ ఏమీ పొయ్యకూడదు."

"అట్నేమ్మా. దానికి వేరే డబ్బా పెడతా."

చెప్పులు తొడుక్కుంటుంటే విజయభాస్కర్ వెనకనే వచ్చి నిలబడ్డాడు. ఫోను జేబులోనే ఉంది.

"ఆదెయ్యన్నా, మనలో మనకి ఎందుకిదంతా. కంపెనీతో నేను మాట్లాడతా. సంచి మీద 'రాజముద్ర' అని పెద్దగా, కింద బ్రాకెట్లో 'ఆదెయ్య సన్నాలు' అని వేయిస్తా. ఏమంటావు?"

ఆదెయ్య రెండో చెప్పు కూడా తొడుక్కుని, నిదానంగా నిటారుగా నిలబడ్డాడు. "బ్రాకెట్లో నేను పట్టను సార్. కోత పండక్కి రాండి. వదిన మళ్ళా పలావు పెడతాది. గోతం మాత్రం తెచ్చుకోబాకండి."

శనివారం పొద్దు పొడిచేటప్పటికే కొట్టు ముందు మనుషులు. జవాను వచ్చి లక్క పగలగొట్టి దారం తెంపాడు. గోతాలు భుజాల మీద ఊళ్ళోకి కదిలినాయి. కాలవ పొడుగునా విత్తనం నానబెట్టే హడావిడి. నీళ్ళలో పోసి తాలు తేలగొట్టే వాళ్ళు, తడి గోతాలు గడ్డితో కప్పే వాళ్ళు. ఎవరి కేకలు ఎవరికీ వినపడటం లేదు.

ఆదెయ్య ఒక గోతం మూతి విప్పి ముందు రేకు డబ్బా నింపాడు. గింజ గింజా చూసి నింపాడు. అది లాబుకి. నానబోసి ఖాళీ అయిన బానని మిగిలిన వాటితో ఫేబీ మళ్ళీ నింపుతోంది. బాన అంచుకి వచ్చినాక వీధి వైపు చూస్తే వేపకొమ్మ కర్ర పట్టుకుని అవ్వ నిలబడి ఉంది. రెండో చెయ్యి కొంగు కింద మూసి ఉంది. బాన నింపుతున్నారని ఎవరో చెప్పి ఉంటారు. పండుగ కాకపోయినా అలవాటు మీద వచ్చేసి, వాకిట్లోకి రాకుండా ఆగిపోయింది.

"రా అవ్వా, ఆడనే నిలబడ్డావే" అంది ఫేబీ.

"వద్దులేమ్మే. నాది కేళీ అంట గదా. ఆఫీసుల్లో కూడా రాసుకున్నారంట."

ఫేబీ మొగుడి వంక చూసింది. ఆదెయ్య డబ్బా మూత అరచేత్తో గట్టిగా కొట్టి బిగించాడు. గుడ్డ చుట్టాడు. దాన్ని తీసుకుపోయి ఇంట్లో అటక మీద పెట్టి వచ్చాడు. వచ్చి, నిండు బానని రెండు చేతులా పట్టుకుని, నేల మీద గీత పడేటట్టు అవ్వ కాళ్ళ దాకా జరిపాడు.

"పొయ్యి అవ్వా."

"మళ్ళా మొలుస్తాదిరా."

"మొలవనీ. ఏరడం నాకొచ్చు."